భిలాయి గడ్డిమడులూ, గోడకు వేలాడే చార్జి పుస్తకమూ

నల్లమ్మ మా గేదె. రెండేళ్ల కిందట ఒక పొద్దున్న కోసి వేసిన పచ్చగడ్డి తిని, మధ్యాహ్నానికల్లా ఊపిరాడక కూలబడి, సాయంత్రం కాకుండానే పోయింది. గడ్డికి యూరియా మోతాదు మించింది, అదే విషమైంది అన్నాడు పశువుల డాక్టరు. ఆ యూరియా వేసింది నేనే. తూకం వేసే వేశాను, అయినా పోయింది. అప్పటినుంచి మా గజపతినగరం దగ్గరి గడ్డిచేలో పిడికెడు ఎరువు వేయడానికి చెయ్యి రాలేదు నాకు. గడ్డి పసుపెక్కి గడ్డిలాగే లేదు. మిగిలిన మూడు గేదెలూ పాలు తగ్గించేశాయి. పాలకేంద్రంలో వాళ్ళేమో ఫోన్లో ఒక యాప్ ఉంది, ఏ మడికి ఎంత ఎరువు కావాలో అదే చెబుతుంది, వేసుకో అంటారు. ఫోను చెబితే గడ్డి వింటుందా, నా మొహం!

భిలాయిలో ఎస్తేరక్క ఉంది. మా అక్కతో కలిసి చదువుకుంది, పెళ్ళయ్యాక భర్తతో అక్కడికి వెళ్లిపోయింది. ఐదు ఆవులతో పాడి, నాలుగు మడుల్లో గడ్డి, ఏడాదిగా అంతా ఆ యాప్ చెప్పినట్టే. నా భయం ఫోన్లో విని, "ఒలే సరోజా, ఎవులో సెప్పింది యినడం కాదే. వొచ్చి నీ కళ్ళతో సూసి ఎల్లు. మా మూడో మడి సోమారం కోత" అంది. ఇనుము తయారయ్యే ఊరికి గడ్డి చూడటానికి వెళ్తున్నావా అని మా ఆయన సత్యం నవ్వాడు. నవ్వితే నవ్వాడు, టికెట్టు మాత్రం తనే తీయించి పెట్టాడు.

మనవైపు నుంచి వెళ్ళేవాళ్లకి దారి చెబుతాను. విశాఖ నుంచి కోర్బా వెళ్ళే బండి రాత్రి భోజనాల వేళకి విజయనగరం వస్తుంది. శనివారం అది ఎక్కాను. స్లీపరు టికెట్టు నాలుగు వందల లోపే. నాకు కిటికీ దొరికితే మొగుడూ పిల్లలూ గుర్తుండరు. ఎక్కగానే పడుకున్నాను, కళ్ళు తెరిచేసరికి తెల్లవారుతోంది. బయట మంచు పలచగా పరుచుకుని ఉంది, పొలాలు ఉన్నాయో లేవో తెలియకుండా ఉంది. పంట గట్ల మీద తెల్లకొంగలు మాత్రం కనిపిస్తున్నాయి, కింద నేల కనిపించడం లేదు. అలా చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో, రాయపూర్ వచ్చేసిందని పక్కావిడ భుజం తట్టి లేపాల్సి వచ్చింది.

రాయపూర్లో అదే స్టేషన్లో దుర్గ్ వెళ్ళే లోకల్ ఎక్కాలి. ఇరవై రూపాయలు దాటదు, నలభై నిమిషాల ప్రయాణం. దారిలో చరోదా యార్డు వస్తుంది. ఎన్ని పట్టాలో! ఒకదానిలోంచి ఒకటి విడిపోయి, మళ్ళీ కలిసిపోయి, మంచులో ఎక్కడికో వెళ్లిపోతున్నాయి. ఎస్తేరక్క భర్త దానియేలు బావ ఈ యార్డులోనే ముప్ఫై ఏళ్లుగా పని చేస్తున్నాడు, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగి, బయట బండి మీద పోహా, జిలేబీ తిన్నాను. అటుకులూ జిలేబీ కలిపి తినడమేమిటని మొదట వెక్కిరించాను, తరవాత రెండో ప్లేటు అడిగాను. జాముల్ వైపు షేరు ఆటోలు అక్కడే నిలబడి ఉంటాయి. "కహాఁ జాబే దీదీ?" అన్నాడు డ్రైవరు. గడ్డి పొలాల ఎస్తేరు ఇంటికి అన్నాను నాకొచ్చిన హిందీలో. "అచ్ఛా, గాయ్ వాలీ ఆంధ్రా దీదీ!" అని, ఆవుల ఆంధ్రా అక్కన్నమాట, నవ్వి, మీరు ఆమె చెల్లెలా అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం ఏముంది అందులో?

జాముల్ దాటి, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనకపడ్డాక, ఊరి చివర ఉంది వాళ్ళ ఇల్లు. ఎస్తేరక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటే, ఇలగ సిక్కిపోనావు? గేదెలకే కాదు, నీకూ గడ్డి దొరకట్నేదేటి?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తలంతా నెరిసింది గానీ ఆ నోరు మాత్రం మారలేదు.

టీ తాగి మడుల్లోకి నడిచాం. ఎకరన్నర చోటు, నాలుగు మడులు, అన్నింట్లోనూ నేపియర్ గడ్డే. కోత వెనక కోతగా వరస తిరుగుతూ ఉంటాయి. గడ్డి మధ్యకి వెళ్ళేసరికి ఊరు మాయమైంది. నాకంటే పొడుగ్గా రెండు పక్కలా ఆకులు, ఆకుల అంచుల్లో మంచుబొట్లు, పైన సన్నని ఆకాశం. ఎక్కడో దూరంగా ఫ్యాక్టరీ మోత, గాలికి గడ్డి మోత, రెండూ కలిసి ఒకటే శబ్దంగా వినిపిస్తున్నాయి. మేలుకునే ఉన్నానా అని నన్ను నేనే గిల్లుకోవాలనిపించింది.

ఫోను తీసి అక్క ఆ యాప్ చూపించింది. వాళ్ళ అమ్మాయి రూతు ఫోను చేతిలో పట్టుకుని గట్ల వెంట నడిస్తే, అదే నాలుగు మడుల బొమ్మలూ గీసుకుందట. మట్టి పరీక్ష కాగితంలోని అంకెలు ఎక్కించారు. ఆవులెన్ని, రోజుకి పేడ ఎంత, ఏ మడిలో ఎంత చల్లారు, ఏడాదికి ఎన్ని కోతలు, అన్నీ అడుగుతుందట. పేడలోంచి గడ్డికి అందేదాన్ని తీసేసి, ఇంకా ఎంత తక్కువైందో అంతకే యూరియా చెబుతుంది. ఏ మడికి ఏ వారం వేయాలో గంట కొట్టి మరీ గుర్తు చేస్తుంది. పేడ ఇచ్చేదాన్ని యూరియా లెక్కలోంచి తగ్గించాలన్న సంగతి నాకెప్పుడూ తోచలేదు. "యూరియా సగానికి సగం తగ్గిపోనాదే. ఆవులు నిండుగా పాలిస్తన్నాయి" అంది అక్క.

మూడో మడి దగ్గర మాత్రం నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ గడ్డి మిగతా మడుల్లా లేదు. ఆకు వెడల్పుగా, నల్లగా కనిపించేటంత పచ్చగా ఉంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఆ రంగు నాకు తెలుసు. నల్లమ్మ ఆఖరుసారి తిన్న గడ్డి రంగు అది. "ఇది మరీ పచ్చగా లేదూ?" అన్నాను. "నెల్లాళ్లు వాన నేదు. పోయిన వారం పడేసరికి పడీపడగానే లెగిసింది. రేపు మొదటి కోత, నిండు చూలు రాణికే ముందు పెడతాను" అంది అక్క. రాణి ఆమె ఆవుల్లో పెద్దది, మరో పదిహేను రోజుల్లో ఈనుతుంది. నా భయం నన్ను అన్నిచోట్లా ఇలాగే పట్టుకుంటుంది కదా అనుకుని నోరు మూసుకున్నాను.

ఆదివారం కాబట్టి అక్క చర్చికి వెళ్ళింది. నేను గట్టు మీద చాప వేసుకుని కూర్చున్నాను. ఎండ మెత్తగా ఉంది, తూనీగలు తిరుగుతున్నాయి. నల్లమ్మ గడ్డిలోంచి నడుచుకుంటూ వచ్చినట్టు, నా మోకాలికి ముట్టె రాసినట్టు అనిపించింది. కళ్ళు తెరిస్తే చేతిలో గడ్డిమోపుతో రూతు నిలబడి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తుంది, నైట్ డ్యూటీ దిగి అప్పుడే వస్తోంది. "సో గయీ క్యా పిన్నీ? మమ్మీకి హెల్ప్ అవుతుందని ఈరోజే కొంచెం కోసేశా" అని, మోపుని పశువుల పాకలో గడ్డి నరికే మిషను పక్కన పడేసి, లోపలికి వెళ్లి పడుకుంది. కరెంటు లేదు కాబట్టి మోపు అలాగే ఉంది. ఏ మడిలో కోసిందో నేను అడగలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఒంటిగంటకి భోజనాలకి కూర్చున్నాం. కోడికూర, అన్నం, ఉల్లిపాయ ముక్కలు. బావ కూడా డ్యూటీ దిగి వచ్చాడు. ముగ్గురివీ మూడు రకాల షిఫ్టులు. బావది యార్డు, రూతుది కాటా, అక్కది ఆవులు. ఒకరు లేచేసరికి ఒకరు పడుకుంటారు. అందరూ ఒక్కచోట కూర్చునేది ఆదివారం ఈ ఒక్క పూటే, అదీ డ్యూటీ పడకపోతే. పోయిన ఆదివారం బావకి డ్యూటీ పడిందట. నేను ఊరుకోకుండా నా అనుమానాలు అడుగుతున్నాను. యాప్ గంట కొడుతుంది సరే, అప్పుడు లేచి వెళ్లి వేసేదెవరు అని అడిగాను.

"ఎవులేటి, నానే" అన్నాడు బావ. "మూడో మడికి పోయిన వారం మంగళారం వానకి ముందు నానే ఏసినాను."

అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది. "మూడో మడికా? బుధారం పొద్దుట నాను ఏసినాను గదా!"

రూతు తల ఎత్తింది. "అరే, మేరే ఫోన్ మే భీ ఆయా థా. గురువారం నేను కూడా వేసేశా, మమ్మీ."

యాప్ ముగ్గురి ఫోన్లలోనూ ఉంది, గంట ముగ్గురికీ మోగింది. పని అయ్యాక 'అయింది' అన్న మీట ఒకటి నొక్కాలి. బావకి కళ్ళజోడు లేకపోతే ఆ మీట కనపడదు. నొక్కడం రూతు పని అని అక్క అనుకుంది. రూతు అన్నీ వారం చివర ఒకేసారి నొక్కుతుంది. వేసింది వేసినట్టు వానకి కరిగిపోయింది, ఒకరు వేసినట్టు ఇంకొకరికి ఆనవాలు లేదు. బస్తా తరిగింది కదా అంటే, మిగతా మడులకి వాడారనుకున్నాను అంది అక్క. ముప్ఫై ఏళ్లుగా హుకుం వస్తే ముందు పని చేసి తరవాత మాట్లాడే ఇల్లు అది. ఫోను మోగింది, ముగ్గురూ బుద్ధిగా చేశారు. మూడో మడి మూడు మోతాదులు తాగింది.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. నెత్తిమీద ఫ్యాను తిరిగింది, పాకలో గడ్డి మిషను దానంతటదే గరగరమంది. స్విచ్చి ఆపడం ఎవరో మరిచిపోయారు. "రూతూ! పొద్దున్న మోపు ఏ మడిదే?" అని అరిచాను. "మూడోదే పిన్నీ" అంది. ఎంగిలిచేత్తోనే పరిగెత్తాను. నా వెనక ముగ్గురూ. రాణి మెడ చాచి, మోపు చివర ఉన్న ఆకులకి నాలుక అందిస్తోంది. ఇంకో రెండంగుళాలు. ఆ మోపుని రెండు చేతులతో లాగేసి గుండెకి హత్తుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో రాణికి ఏం తెలుసు? గడ్డి లాక్కున్నానని కోపంగా తల విసిరింది. అక్క దాని మెడ పట్టుకుని, "నా తల్లే, నా తల్లే" అంటూ నుదుటి మీద ముద్దులు పెట్టింది.

అక్క ఫోను చేస్తే సాయంత్రం నాలుగింటికి పశువుల డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. మూడో మడిలోంచి ఒక మొక్క కోయించి, కాండాన్ని నిలువునా చీల్చి, చిన్న సీసాలోంచి ఒక చుక్క వేసింది. చూస్తుండగానే తెల్లటి కాండం లోపల ముదురు నీలం విచ్చుకుంది. అంత అందమైన నీలాన్ని చూసి నేను ఎప్పుడూ అంత భయపడలేదు. గడ్డి తాగిన ఎరువు ఇంకా ఆకుగా మారలేదని, కాండం అడుగున అలాగే నిలిచి ఉందని, అదే పశువుని చంపుతుందని ఆవిడ హిందీలో నిదానంగా చెప్పింది. ఇప్పుడు కోయొద్దు, ముదరనివ్వండి, మళ్ళీ పరీక్ష చేశాకే, అదీ అడుగు భాగం వదిలేసి కోసి, ఎండుగడ్డిలో కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి అంది. రూతు కోసిన మోపు పేడగుంటలోకి వెళ్ళింది. యాప్‌లో రూతు ముగ్గురు వేసిందీ ఉన్నదున్నట్టు ఎక్కించింది. మూడో మడి బొమ్మ ఎర్రబడి, ఇక ఈ కాలానికి యూరియా వద్దు అని చూపించింది. పాపం, దాని తప్పేముంది? దానికి మనం చెప్పలేదు.

బావ గట్టు మీద నా పక్కన కూర్చుని, పొద్దు వాలుతున్న వైపు చూస్తూ అన్నాడు. "సరోజమ్మా, ముప్పయ్యేళ్ల డ్యూటీలో నాను ఒక్కనాడు చార్జి ఇవ్వకుండా ఇంటికి రానేదు. తుపాను రానీ, జొరం రానీ. నా తరవాత వొచ్చీవోడికి ఏ లైను మీద ఏ బండి ఉందో సెప్పి, పుస్తకంలో సంతకం ఎట్టి, ఆడి సేత సంతకం ఎట్టించుకునే కదిలీవోణ్ని. నా సొంత మడికి మాత్రం, నా పెళ్ళానికి, నా కూతురికి చార్జి ఇవ్వడం మర్సిపోనాను." ఆ ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీపు మీద చెయ్యి వేశాను.

ఆ సాయంత్రమే ముగ్గురం ఆటో ఎక్కి సుపేలా వెళ్లాం. అక్క ఆవుల దగ్గర ఉండిపోయింది. అక్కడ ఆదివారం సంత రోడ్డు పొడుగునా ఉంటుంది. చెప్పుల నుంచి చిలగడదుంపల వరకూ అన్నీ దొరుకుతాయి. ఎరుపు అట్ట వేసిన పొడుగు పుస్తకం, ఒక పెన్సిలు, మూరెడు తాడు కొన్నాం. తిరిగొచ్చేటప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఆకాశం నారింజరంగులోకి వెలిగి మెల్లగా ఆరింది. మళ్ళీ వెలిగింది. ఊళ్ళో ఎవరూ తలెత్తి చూడలేదు, నేనొక్కదాన్నే నోరు తెరుచుకుని చూశాను. బావ పాకలో మిషను పక్కన మేకు కొట్టి పుస్తకం వేలాడదీశాడు. గంట ఇక రూతు ఫోన్లో ఒక్కదాంట్లోనే మోగుతుంది. ఎవరు వేసినా, ఎవరు కోసినా, ముందు అందులో రాసి సంతకం పెట్టాలి. మొదటి వరస నా చేత రాయించారు. 'మూడో మడి కోయలేదు. చార్జి ఎస్తేరక్కకి ఇచ్చాను' అని రాశాను. అక్క కింద సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున్న రాణి రెండో మడి గడ్డి హాయిగా తింటుంటే చూసి, మధ్యాహ్నం దాకా దాని దగ్గరే కూర్చుని, బయలుదేరాను. రాయపూర్లో మన బండి చీకటి పడ్డాకే, కాబట్టి తొందరేమీ లేదు. పవర్ హౌస్ ప్లాట్‌ఫారం మీద లోకల్ కోసం చూస్తున్నప్పుడు, నిన్నటి నుంచి మనసులో నలుగుతున్న మాట ఒకటి పైకి వచ్చింది. మా ఆయనకి ఫోను చేశాను. రాణి సంగతంతా చెప్పాను. చెప్పి అడిగాను. "నల్లమ్మ పోకముందు ఆ గడ్డికి నువ్వు కూడా యూరియా ఏసినావా?"

అవతల మా గుమ్మం ముందు కోళ్ళు అరవడం వినిపించింది.

"ఏసినాను. నువ్వు మీ అమ్మోలింటికెల్లిన రోజు. నువ్వెయ్యలేదేమో అనుకున్నాను."

"రెండేళ్లు! రెండేళ్లు నానే సంపినాననుకున్నాను గదా!"

"సెబుదామనే అనుకున్నానే. సెప్తే నీ ఏడుపు ఆగుద్దేమో గానీ, మల్ల నా మొకం సూడవని బయమేసింది."

నోటికొచ్చినన్ని తిట్టాను. ప్లాట్‌ఫారం మీద వాళ్ళంతా చూశారు, చూస్తే చూశారు. తిట్టి తిట్టి ఏడ్చాను, ఏడ్చి ఏడ్చి చివరికి నవ్వొచ్చింది. ఒంటరిగా మోసిన బరువుని ఇద్దరం మోస్తూ ఉన్నామని తెలిస్తే అంత తేలికవుతుందని నాకు తెలియదు. లోకల్ వచ్చింది. కిటికీ దగ్గర కూర్చున్నాను. చరోదా యార్డులో పట్టాలు సాయంకాలపు ఎండలో మెరుస్తూ, ఒకదానిలోంచి ఒకటి విడిపోయి, దూరంగా ఎక్కడో మళ్ళీ కలుస్తూ వెనక్కి వెళ్లిపోయాయి.

గడ్డిని మనం పెంచుతున్నామనుకుంటాం గానీ, ఇంట్లో వాళ్ళం ఒకరికొకరం చెప్పుకున్న మాటల మీదే పెరుగుతుంది అది. యాప్ మంచిదే. పేడ లెక్క తీసి చెబుతుంది, మడికింత అని కొలిచి చెబుతుంది, ఇక నా గేదెలకి పసుపు గడ్డి తినే ఖర్మ లేదు. కానీ మనం చెప్పనిది దానికీ తెలియదు. మీలో ఎవరైనా వాడబోతుంటే నాదొక్కటే సలహా. గంట ఒక్క ఫోన్లోనే మోగనివ్వండి, గడ్డి మిషను పక్కన ఒక పుస్తకం, తాడుతో కట్టిన పెన్సిలు వేలాడదీయండి. రాయకుండా ఎవరూ ఎరువు బస్తా విప్పకూడదు. మంగళవారం పొద్దున్న నేను ఇల్లు చేరేసరికే మా పాకలో ఒక పుస్తకం వేలాడుతోంది. మొదటి పేజీలో మా ఆయన వంకరటింకర అక్షరాలు: 'నల్లమ్మ గడ్డికి యూరియా నేను కూడా వేశాను. సరోజకి చెప్పాను.' కింద సంతకం పెట్టాడు. పక్కన నా సంతకానికి చోటు వదిలాడు.